పెద్దనాయన కారుకు సందెదీపం

కార్లకు కూడా వానాకాలం సెలవులుండే రోజులవి. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, అరవైల మొదట్లో నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరి దగ్గర మా పెద్దనాయన వాళ్ల ఊరికి రోడ్డంటే మట్టి పోసిన బండిదారే. అక్టోబరులో సముద్రం వైపు నుంచి ముసురు పట్టిందంటే ఆ దారిలో ఎడ్లకూ బర్రెలకూ తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. అందుకని తొలి వానకే పెద్దనాయన తన కారును గడ్డివాము వెనక ఉన్న పాకలోకి తోసి, పాత పరదా కప్పి, సంక్రమణం దగ్గరపడేదాకా దాని మొహం చూసేవాడు కాదు. చుట్టుపక్కల ఊళ్లలో అదొక్కటే కారు. అది నడిచినా నడవకపోయినా పెద్దనాయన మాత్రం కారున్న మనిషిగానే నడిచేవాడు.

ఆ ఏడు నేను పి.యు.సి. గట్టెక్కి, పనీపాటా లేక పెద్దనాయన ఇంట్లో తిని కూర్చుంటున్నాను. కారు తోలడం నాకు రాదు. కానీ సైన్సు చదివినవాణ్ణి కాబట్టి ఇంట్లో మరచుట్లున్న వస్తువు ఏది మొరాయించినా నా నెత్తికే చుట్టేవాళ్లు. సరిగ్గా అప్పుడే, వానలు తగ్గినా దారి ఇంకా పూర్తిగా ఆరకముందే, నెల్లూరు నుంచి కబురొచ్చింది. పెద్దనాయన కూతురు, మా అక్కకు, అక్కడ ఒక బడిలో టీచరు ఉద్యోగం ఖాయమైంది. సోమవారం పొద్దున బడి గంట కొట్టేలోగా వచ్చి చేరాలి, రాకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. అక్క ఆ ఉద్యోగం కోసం రెండేళ్లుగా తండ్రితో పోరాడుతోంది. పెద్దనాయన వద్దనలేదు, సరేననలేదు. చివరికి ఒక మాటన్నాడు: "పోతే కార్లో నేను తీసుకపోయి దించాల. బస్సులో పోయేటట్టయితే ఆ ఉద్యోగమే వద్దు." అక్క గిరుక్కున నా వైపు తిరిగి, "అబ్బయ్యా, ఆ కారు సంగతి చూడు" అంది. అంటే ఆమె ఉద్యోగం తండ్రి చేతిలోంచి జారి నా చేతిలో పడిందన్నమాట.

పరదా తీసి చూస్తే బ్యాటరీ చచ్చి ఉంది. స్టార్టరు నొక్కితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. ఇన్ని నెలలు ఊరికే ఉంటే చావదా అని పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని విప్పి, గోనెపట్టాలో చుట్టి, కోట దాకా మోసుకుపోయి గూడూరు బస్సెక్కాను. (కండక్టరు అందులో ఏముందని అడిగితే నెయ్యి అన్నాను. అతను ఎత్తి చూసి, మీ ఊరి నెయ్యి బరువెక్కువే అన్నాడు గానీ దించెయ్యలేదు.) గూడూరులో చార్జింగు షాపులో పెట్టి, వాళ్ల వరండాలోనే పడిగాపులు పడి, శనివారం మధ్యాహ్నానికి తెచ్చాను. దారిలో యాసిడ్ కారి నా పంచెకు జల్లెడ మాదిరిగా చిల్లులు పడ్డాయి. అయితేనేం, బిగించి నొక్కగానే ఇంజను గుర్రుమంది. పాకలో నిద్రపోతున్న కోళ్లన్నీ బయటికి పరుగెత్తాయి. అక్క పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. పెద్దనాయన మీసం మీద చెయ్యేసుకుని, "నేను చెప్పలా, మంచి కారది" అన్నాడు, చార్జింగు తనే పెట్టించినట్టు.

సోమవారం తెల్లవారక ముందే అక్క తలస్నానం చేసి, కొత్త చీర కట్టి, ట్రంకు పెట్టెతో కార్లో కూర్చుంది. పెద్దనాయన పైపంచె సర్దుకుని స్టార్టరు నొక్కాడు. టక్. మళ్లీ నొక్కాడు. ఆ టక్కు కూడా లేదు. కొత్త చార్జింగు రెండు రాత్రుల్లో ఎటు పోయింది? బానెట్ ఎత్తి ప్రతి తీగా లాగి చూశాను. అప్పుడు అక్క ముందు సీటు మీదికి వంగి, లైట్ల మీట చూపించి, "ఇది వేసే ఉండాదేందిరా?" అంది.

మేమందరం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుంటుంటే, పొయ్యి దగ్గర్నుంచి వచ్చిన పెద్దమ్మ తాపీగా, "అయ్యో, రేత్రి ఆర్పడం మరిచిపోయినానే" అంది. పెద్దమ్మ నోట్లో నాలుక లేని మనిషి, కానీ దీపాల విషయంలో ఎవరి మాటా వినదు. సందెవేళ ఇంట్లో, గొడ్ల కొట్టంలో, ధాన్యం కొట్లో, అన్నిచోట్లా దీపం పెట్టాల్సిందే. లక్ష్మి ఉండే చోటు చీకటిగా ఉండకూడదని ఆమె పట్టు. కారు పాకలో కిరసనాయిలు దీపం పెడితే పెట్రోలు అంటుకుంటుందని పెద్దనాయన గట్టిగా చెప్పాడట. సరే, కారు దీపం కారే తెచ్చుకుంది కదా అని, వానలు మొదలైనప్పటి నుంచి రోజూ సందెవేళ మీట నొక్కి, దణ్ణం పెట్టుకుని, వంట ముగిశాక వచ్చి ఆర్పుతోందట. కార్తీకమాసంలో ఇంకాస్త ఎక్కువసేపు. పాకకు అడ్డంగా గడ్డివాము ఉండడంతో ఆ వెలుగు మా కంట పడలేదు. ఆదివారం మాత్రం అక్కకు అరిసెలు వండే హడావిడిలో ఆర్పడం మరిచిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెయ్యని అబద్ధమాడి, వరండాలో దోమలకు ఒళ్లప్పగించి తెచ్చిన కరెంటును ఈవిడ దేవుడికి హారతిచ్చేసింది. అలా ఎందుకు చేశావు పెద్దమ్మా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "బిడ్డ పోయే బండి చీకట్లో ఉండాల్నా?" అంది. దానికి పి.యు.సి. సైన్సులో జవాబు లేదు. పెద్దనాయన స్టీరింగు మీద చెయ్యి తియ్యలేదు. ఆయన మొహంలో కోపం లేదు, నాకెందుకో కాస్త తేలికపడినట్టే కనిపించాడు. అది చూసి అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆమె ఏడవలేదు. "ఎడ్లను కట్టండి" అంది.

పాలేరు పొడుగన్న బండి ఎడ్లను తెచ్చి మోకుతో బంపరుకు కట్టాడు. లాగుతుంటే ఎక్కడో ఒకచోట ఇంజను అందుకుంటుందని నా సైన్సు. పెద్దనాయన క్లచ్చి వదిలినప్పుడల్లా కారు ఎగిరి కుదేసేది, ఎడ్లు ఆగి వెనక్కి తిరిగి చూసేవి, పొడుగన్న వాటికి క్షమాపణ చెప్పేవాడు. నాట్లేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి నిలబడ్డారు. ఒకామె, "ఏంది సామీ, కారుకు మేత చాల్లేదా?" అని అడిగింది. పెద్దనాయన అద్దంలోంచి నేరుగా ముందుకే చూస్తూ, ఎడ్ల తోకల వెనక, అరవై మైళ్ల వేగంతో పోతున్నవాడిలా కూర్చున్నాడు. నేను పక్కనే బురదలో నడుస్తూ, చదువుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంజను అందుకోకుండానే కోట వచ్చేసింది. నెల్లూరు బస్సు హారను కొడుతూ బయల్దేరబోతోంది. అక్క కారు దిగి, తండ్రి పక్కన కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"నాయనా, ఇంటి కాడ్నించి కార్లోనే తెచ్చినావు గదా. నీ మాట నిలబడింది. ఇంక నేను పోయొస్తా."

పెద్దనాయన దిగి, ట్రంకు పెట్టె నన్ను ముట్టనియ్యకుండా తనే ఎత్తి బస్సు పైకందించాడు. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరుగుదారిలో కాలవ కట్ట దిగుతుండగా, ఇంక ఎవరికీ అవసరం లేని సమయంలో, ఆ దిక్కుమాలిన ఇంజను ఢామ్మని అందుకుంది. ఎడ్లు బెదిరి, మోకు తెంపుకుని చేలో పడి పరుగెత్తాయి, వాటి వెనక పొడుగన్న. పెద్దనాయన నన్ను ఎక్కమన్నాడు. ఎక్కడికని అడిగాను. "నెల్లూరికి" అన్నాడు.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. ఇంజను ఆగితే మళ్లీ లేవదు. కాబట్టి పెద్దనాయన యాక్సిలరేటరు మీద కాలు తియ్యలేదు, దాహమంటే ఆపలేదు. వెంకటాచలం దగ్గర గొర్రెల మంద అడ్డమొస్తే, అవి దాటేదాకా మా కారు పెట్టిన గోలకు కాపరి చెవులు మూసుకున్నాడు. బడి ముందుకు చేరేసరికి పదిన్నర దాటింది. పెద్దనాయన దిగడానికి లేదు. కాలు తీస్తే కారు చస్తుంది, పోనీ నేను కాలు పెడతానంటే నమ్మడు. నన్ను లోపలికి పంపాడు.

నేను పోయి తిరిగొచ్చాను. ఇంజను హోరులో వినపడక, ఆయన చెవి దగ్గర అరవాల్సి వచ్చింది.

"అక్క క్లాసులో ఉండాది. అక్క లోపలికి పోతానే పిల్లోళ్లందరూ లేచి నిలబడినారు."

"అందరూనా?"

"అందరూ."

పెద్దనాయన కళ్లు ఒత్తుకున్నాడు. పొగ కాదు, ఏడుపే. "ఇంకోసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. తిండీ నీళ్లూ లేక, పెట్రోలు అయిపోతుందేమోనన్న భయంతో నా తల ప్రాణం తోకకొచ్చింది. గొంతు చించుకుని, చెప్పిన మాటే ఎన్నిసార్లు చెప్పిస్తావు పెద్దనాయనా అని విసుక్కుంటూ, మళ్లీ చెప్పాను.

ఇప్పుడు నా కూతురు పట్నంలో ఉద్యోగం చేస్తోంది. ఆమె ఆఫీసులో ఎవరైనా ఆమెను మెచ్చుకున్నారని నా భార్య చెబితే, వినపడనట్టు నటిస్తాను. రెండోసారి చెప్పేటప్పుడు నా భార్య విసుక్కుంటుంది. ఆ విసుగులో నాకు ఆనాడు పెద్దనాయన చెవిలో అరిచిన ఆ బక్కపలచటి కుర్రాడి గొంతే వినపడుతుంది.