గొట్టం పెట్టని పరీక్ష

ప్రొద్దుటూరులో సంజీవయ్య ఇల్లు ఎక్కడ అని అడిగితే, ఏ సంజీవయ్య అంటారు. కారు సంజీవయ్య అనండి, చెయ్యి పట్టుకొని తీసుకుపోయి ఇంటి ముందర నిలబెడతారు. తెల్ల అంబాసిడర్ అది, డీజిల్ బండి. రాజుపాలెం వైపు పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు ఆయన. అన్నదమ్ములు వేరుపడినప్పుడు తన వాటాకొచ్చిన మందను తోలుకెళ్లి సంతలో అమ్మేసి ఈ కారు కొన్నాడు. "జీవాలనమ్మి ఇనుము కొన్న్యాడు నా కొడుకు" అని తండ్రి కనబడినవాళ్లందరికీ చెప్పుకొని ఏడ్చాడు. సంజీవయ్య ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. మర్చిపోయే మనిషి కాదు. గ్యాస్ బండ తూకం తక్కువుందని ఏజెన్సీ వాళ్లతో, చిల్లర ఇవ్వలేదని కండక్టర్‌తో, రోడ్డు తవ్వి పూడ్చలేదని మునిసిపాలిటీతో ఆయన తగువులాడని రోజు ఉండదు. కోపం ముక్కు మీదే ఉంటుంది.

కారు విషయంలో మాత్రం ఆయనంత నిదానస్తుడు లేడు. ఆ కారుకు ముఖ్యమైన పని మెరవణి. పెళ్లికొడుకును పూల కారులో కూర్చోబెట్టి, ముందు బ్యాండు వాయిస్తుంటే, వీధి వీధీ తిప్పడం. కొత్త కార్ల వాళ్లు ఆ పనికి రారు. జనం అడుగు తీసి అడుగు వేసేదాకా బండిని ఆపుతూ పోనిస్తూ ఉండాలంటే వాళ్లకు ఓపిక ఎక్కడిది? సంజీవయ్య ఫస్టు గేరులో, ముందు ఎగిరే కుర్రాళ్ల మడమలకు తగలకుండా, ఊరంతా తిప్పుకొచ్చేవాడు. ఖాళీ రోడ్డు మీదైనా వేగం పెంచేవాడు కాదు. "నా బండిని ఒక్కనాడు గట్టిగా తొక్కిన పాపాన పోలేదప్పా" అని గొప్పగా చెప్పుకొనేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. బేరం ఉన్నా లేకపోయినా పొద్దున్నే కారు స్టార్టు చేయాలి. ఊదొత్తి వెలిగించి స్టీరింగు దగ్గర గుచ్చి, బానెట్టుకు దండం పెట్టి, ఇంజను కాగేదాకా అలాగే వదిలేసి లోపలికి పోయేవాడు. కాఫీ తాగి, పేపరు చదివి, అందులో ఎవరినో ఒకరిని తిట్టి బయటికి వచ్చేదాకా బండి సందులో గుడగుడమంటూ ఉండేది. ఇంటి గోడకు బానెట్టు ఆనించి నిలబెట్టేవాడు కాబట్టి పొగ గొట్టం ఎదురింటి కిటికీ వైపు ఉండేది.

ఆ కిటికీ షంషాద్‌ది. మొగుడు పోయాక రవికలు కుట్టి బతుకుతున్న మనిషి. ప్రొద్దుటూరులో బట్టలు కొన్న పెళ్లివాళ్లు ఆమె దగ్గరికే వస్తారు, అంత మంచి చెయ్యి. ఆ ఇంట్లో వెలుతురు వచ్చే చోటు అదొక్కటే. అందుకే మిషను కిటికీ పక్కనే వేసుకుంది. ఆమెకు రెండేళ్లుగా పొడిదగ్గు. ఈమధ్య ఆయాసం కూడా మొదలైంది. డాక్టరు దుమ్మూ పొగా పడకూడదన్నాడట.

ఒకనాడు పొద్దున షంషాద్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చి చెప్పింది. "సంజీవన్నా, ఏమనుకోవాకు. నీ కారు పొగ నాకు శానా కష్టమైతాంది. బండి అట్ల తిప్పి పెట్టుకోరాదా?"

అంతే, సంజీవయ్య ఒంటికాలి మీద లేచాడు. "నా కారు పొగ వదుల్తాందా? నీ కూతురు అత్తగారింటికి పోయింది ఈ కార్లోనే గదమ్మా. ఆపొద్దు లేని పొగ ఈపొద్దు యాడ నుంచొచ్చె? లారీలు పోతాండాయి, ఆటోలు పోతాండాయి, వాళ్లనడుగు పో."

"అవి పోతాయన్నా. నీది ఈడనే నిలబడుకుంటాది" అంది షంషాద్.

ఓబమ్మ, అంటే సంజీవయ్య భార్య, గడపలోనుంచి ఊరుకోలేక ఒక మాట వేసింది. "మిద్దె మింద ఆరేసిన చీరల్లో మసి నలుసులు నేనూ ఏరుకుంటాండా. ఆయమ్మ చెప్పేది అబద్ధం గాదు."

సొంత పెళ్లామే ఎదురు పక్షం చేరితే ఏ మగాడికి ఒళ్లు మండదు? "గవర్నమెంటు కాగితం తెచ్చి మీ ఇద్దరి నోర్లూ మూయిస్తా" అని కారు తీశాడు.

జమ్మలమడుగు రోడ్డులో చింతచెట్టు కింద బండ్ల పొగ పరీక్ష చేసే పొల్యూషన్ బండి ఒకటి నిలబడి ఉండేది. పాత వ్యాను, లోపల కంప్యూటరు. అందులో కూర్చున్నవాడు కిందికి దిగి సెల్లుతో నెంబరు ప్లేటుకు ఫోటో తీసుకున్నాడు. ఆర్సీ చూశాడు. లోపల టకటక కొట్టాడు. కాగితం బయటికొచ్చింది. సంజీవయ్య ఇంజను కూడా ఆపలేదు, వాడు ఆపమనలేదు, రేసు చేయమననూ లేదు. పొగ గొట్టం దిక్కు తొంగి చూడనే లేదు.

"అయిపోయినాదా?" అని అడిగాడు సంజీవయ్య.

"అయిపోయినాది మామా. పాస్."

పొగ గొట్టంలో మిషను కడ్డీ పెట్టి చూడాలని సంజీవయ్యకు తెలియదా? ఆ కడ్డీనీ గొట్టమనే అంటారు. ఇన్నేళ్లు బండి నడిపిన మనిషికి ఆమాత్రం తెలుసు. గ్యాస్ బండను తూకం వేయించిన మనిషి, చిల్లర కోసం బస్సు ఆపించిన మనిషి, ఆరోజు మాత్రం నోరెత్తలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు.

షంషాద్ కిటికీ దగ్గరికే పోయి, ఊచల్లోనుంచి కాగితం లోపలికి చాపాడు. "చదువుకో. పాస్ అని రాసిండాది. ముద్ర ఉండాది, నా బండి ఫోటో ఉండాది. ఇంగ నా కారు మీద మాట రాగూడదు."

షంషాద్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూసింది. సర్కారు ముద్ర అంటే ఆమెకు గౌరవం. పింఛను కాగితాన్నీ రేషను కార్డునూ ఖురాను పక్కన పెట్టుకునే మనిషి. "అట్లయితే నా ఒళ్లే బాగలేదేమోలే అన్నా. ఊరికే నిన్ను అనుమానించినా" అని తిరిగి ఇచ్చేసింది.

మరునాటి నుంచి ఆ కిటికీ మూసుకుంది. అది మే నెల. ప్రొద్దుటూరు ఎండ సంగతి తెలిసిన వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మిషను లోపలి గదిలోకి జరిగింది. కరెంటు పోయినప్పుడల్లా ఆ చీకట్లో, ఉక్కలో, ఆమె దగ్గుకుంటూ కూర్చునేది. ఎదురింట్లో సంజీవయ్య ఇంజను కాగబెట్టి, పేపరు చదివి, గెలిచిన మనిషిలాగా మీసం దువ్వుకునేవాడు. ఓబమ్మ ఆ నెలంతా ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది.

తర్వాత పులివెందులలో ఒక పెళ్లి బేరం వచ్చింది. పెళ్లికొడుకునూ తోడుపెళ్లికొడుకునూ ఎక్కించుకొని, పూలదండలు ఎగిరిపోకుండా నిదానంగా పోతున్నాడు. ముద్దనూరు దాటాక బండ్లు తనిఖీ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టరు జీపు అడ్డంగా నిలబడి ఉంది. సంజీవయ్య ధీమాగా కాగితాలన్నీ ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు చూసి, జీపులోనుంచి పొగ చూసే మిషను దించమన్నాడు. పొగ గొట్టంలో కడ్డీ పెట్టారు. "పూర్తిగా తొక్కు పెద్దాయనా" అన్నారు.

సంజీవయ్య తన జన్మలో మొదటిసారి ఆ కారును అడుగంటా తొక్కాడు. వెనకనుంచి నల్లటి పొగ బుసకొట్టుకుంటూ లేచింది. రోడ్డు పక్కన నిలబడిన పెళ్లికొడుకు బాసికం మీదా తెల్ల పంచె మీదా మసి పడింది. మళ్లీ తొక్కమన్నారు. మళ్లీ అదే. మిషను మీద వచ్చిన అంకె ఉండాల్సినదానికి దగ్గర దగ్గర రెట్టింపు.

"ఈ పాస్ కాగితం ఎవరిచ్చినారు నీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వారంలోగా బాగుచేయించి, మళ్లీ పరీక్ష చేయించి కాగితం తెచ్చి చూపించు. లేదంటే బండి స్టేషన్లో పెట్టిస్తా. ఎన్నాళ్ల నుంచి ఇట్ల కొడ్తాందో ఏమో. దీని ఎనకాల ఎవరన్నా నిలబడితే ఏం గావాల?"

సంజీవయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు వెనకాల నిలబడినవాళ్లు గుర్తుకు రాలేదు. కిటికీ పక్కన కూర్చున్న మనిషి గుర్తుకొచ్చింది.

పెళ్లివాళ్లను దించేసి నేరుగా చింతచెట్టు కిందికి వచ్చాడు. ఇప్పుడు చూడండి ఆయన కోపం. అరికాలి మంట నెత్తికెక్కింది. వ్యాను తలుపు పట్టుకొని ఊపాడు. "రేయ్, దిగు కిందికి. గొట్టం పెట్టకుండా పాస్ ఎట్ల ఇచ్చినావురా? యాడుంది నీ గొట్టం, బయటికి తియ్యి."

వాడు సీటు కింద వెతికి వెతికి తీశాడు. కడ్డీకి కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంకా అట్లే ఉంది. ఎన్నెన్ని బండ్లకు కాగితాలిచ్చాడో, ఒక్కదాని పొగ కూడా చూసిన పాపాన పోలేదు. స్కూలు పిల్లలను తోలే ఆటోలు వాడి దగ్గరే పాసయ్యాయి. ఊరి మధ్యలో తిరిగే లారీలు వాడి దగ్గరే పాసయ్యాయి. మనం పీల్చే గాలికి ఒక ఫోటో తీసి, బాగుంది పో అని ముద్ర వేసి పంపిస్తున్నాడు. ఇంతకంటే దొంగతనం ఉంటుందా? ఇంటికి కన్నం వేసినవాడిని చెట్టుకు కట్టేసి కొడతాం. వీడి దగ్గర మాత్రం బండి ఆపి, మర్యాదగా మామా అనిపించుకొని వస్తాం.

వాడేమీ జంకలేదు. "ఫెయిలు కావాలని నా దగ్గరికి ఎవరన్నా వస్తారా మామా? మీకు పాస్ కాగితం కావాల, ఇస్తాండా. గొట్టం పెట్టమని ఆ పొద్దు నువ్వు నన్ను అడిగినావా?"

సంజీవయ్య వ్యాను తలుపు వదిలేసి కారెక్కాడు.

జమ్మలమడుగులో ఖాజా అని పాత డీజిల్ బండ్ల మెకానిక్కు ఒకడున్నాడు. అతను ఇంజను విప్పి చూసి తల పట్టుకున్నాడు. "ఏంది సంజీవయ్యా, పొయ్యిగొట్టం మాదిరి చేసి పెట్టినావు. ఎప్పుడు జూసినా మెరవణి, ఎప్పుడు జూసినా నిలబెట్టి కాగబెట్టడం. మసి యాడికి పోతాది? లోపలే పేరుకునింది. బండిని అప్పుడప్పుడన్నా గట్టిగా తొక్కాలప్పా." తన నిదానమే కారును పాడుచేసిందని విన్నప్పుడు సంజీవయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

నాజిల్సు మార్చారు, పంపు సరిచేశారు. "ఇంగ పులివెందుల దాకా కాలు తీయకుండా పోనీ. ఆడ నిజంగా గొట్టం పెట్టి చూసేవాడు ఒకడుండాడు" అన్నాడు ఖాజా. సంజీవయ్య స్టీరింగును గట్టిగా పట్టుకొని, పళ్లు బిగించి తొక్కాడు. కారు ఒళ్లంతా వణికింది. మొదట్లో వెనక అద్దంలో రోడ్డే కనబడనంత పొగ. రాను రాను పలచబడి, పులివెందుల పొలిమేర చేరేసరికి వెనక వచ్చే బస్సు అద్దంలో స్పష్టంగా కనిపించింది.

అక్కడ గొట్టంలో కడ్డీ పెట్టేటప్పుడు సంజీవయ్య పక్కనే వంగి నిలబడ్డాడు. లోపలిదాకా పెట్టించాడు. మళ్లీ తొక్కి, మళ్లీ పెట్టించాడు. పరీక్ష చేసేవాడికి విసుగొచ్చింది గానీ ఆయన వదల్లేదు. అంకె లోపలే ఉంది. పాసయింది. కాగితం చేతికి రాగానే అంకె ఇంకోసారి చదువుకున్నాడు. ముందు బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించాడు, తర్వాత ఇల్లు చేరాడు. కారును సందు మొదట్లోనే ఆపి, నడుచుకుంటూ వచ్చాడు.

కిటికీ మూసే ఉంది. తలుపు తట్టాడు. షంషాద్ లోపలి గదిలోనుంచి ఆగి ఆగి నడిచొచ్చింది. నెల రోజుల్లో బాగా చిక్కిపోయింది. సంజీవయ్య అంతా చెప్పాడు, ఏదీ దాచలేదు. వాడు ఫోటో తీసింది, దారిలో నల్లపొగ లేచింది, కడ్డీకి కవరు కూడా విప్పనిది, అన్నీ. చెబుతున్నకొద్దీ మళ్లీ కోపం వచ్చింది. "ఇది నిజమైన కాగితమమ్మా. నేను పక్కనే నిలబడి చూసినా. ఇంగ పొగ రాదు, బండి గూడా ఈ సందులో కాగబెట్టను. నువ్వు కిటికీ తీసుకో."

షంషాద్ కాగితం అందుకుంది. వెలుతురు కోసం వాకిట్లోకి వచ్చి చూసింది. అదే ముద్ర, అదే రంగు, అదే కారు ఫోటో, పాస్ అని అదే మాట.

"అది గూడా ఇట్లే ఉండె గదన్నా" అంది.

సంజీవయ్య భగ్గుమన్నాడు. "అదేనమ్మా నేను చెప్పేది. ఆ దొంగనాకొడుకు నా నిజం కాగితాన్ని గూడా అబద్ధం చేసి పెట్టినాడు. వాడిని ఊరికే వదల్ను. కలెక్టరు దాకా పోతా."

షంషాద్‌కు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకొని, అది తగ్గేదాకా వంగి నిలబడింది. ఆ తర్వాత కోపం లేకుండానే చెప్పింది.

"వాడు కాగితం రాసిచ్చినాడంతే అన్నా. తెచ్చి నా మొగానికి చూపించింది నువ్వు."

కాగితాన్ని ఆయన చేతిలో పెట్టి ఆమె లోపలికి పోయింది. లోపలి గదిలో కుట్టు మిషను మళ్లీ మొదలైంది. కిటికీ మాత్రం ఆరోజు తెరుచుకోలేదు.