నాలుగు కిలోల భుజం

రెండేళ్లకు పైగా ప్రతి నెలా మొదటి సోమవారం, ఏటి ఒడ్డున ఉన్న ఇనుప టవరు అరవై రెండు మెట్లూ ఎక్కి దిగిన మనిషి ఆమె. వానలో ఎక్కింది, ఈదురుగాలిలో ఎక్కింది, ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరంతో కూడా ఎక్కింది. ఏనాడూ కాలు జారలేదు. అలాంటిది, సొంత ఇంటి గుమ్మం ముందు, ఉన్నవే రెండు మెట్లు, ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని దిగుతూ జారి పడింది. కుడి భుజం ఎముక విరిగింది. లోపల ఒక స్టీలు పలకా ఆరు మరలూ బిగించారు.

"పడితే పడ్డాను. ఆ టవరు మీద నుంచి పడినా నలుగురికీ చెప్పుకోవడానికి బాగుండేది" అని ఆస్పత్రి మంచం మీద ఉక్రోషపడింది.

"టవరు మీద నుంచి పడి ఉంటే చెప్పుకోవడానికి నువ్వుండేదానివా?" అన్నాడు భర్త. ఆయన బడిలో లెక్కల మాస్టారు. ఏ మాటైనా కూడి, తీసేసి, శేషం చూసుకుని గానీ నోరు విప్పడు.

సైటులో పనివాళ్లు ఆమెను వంతెనక్క అంటారు. ఏటి మీద కడుతున్న కొత్త వంతెనకు నెలనెలా ఫొటోలు తీయడం ఆమె పని. వినడానికి ఇంతే. చేయడానికి మాత్రం మొండితనం కావాలి, అది ఆమెకు కావలసినంత ఉంది. ఫొటో తీయాల్సిన చోట్లు పదకొండు. ప్రతి చోటా కింద పసుపు రంగుతో రెండు పాదాల గుర్తులు, తన చెప్పుల కొలతకే వేసుకుంది. నెలనెలా అక్కడే, అదే వేళకు నిలబడి, అవే హద్దుల్లో తీయాలి. అలా తీసినవి వరసగా పెడితే వంతెన తనంతట తానే నీళ్లలోంచి లేచి వస్తున్నట్టు ఉంటుంది. పదకొండో చోటు ఆ ఇనుప టవరు నెత్తిన. అక్కడి నుంచి ఏటి నడుమ స్తంభాలు లేచే చోటును పెద్ద లెన్సుతో దగ్గరికి లాక్కోవాలి. సైటు ఆఫీసు గోడ మీద ఆ పదకొండో చోటు ఫొటోలనే తగిలించారు. ఇరవై ఆరు నెలలు, ఇరవై ఆరు ఫ్రేములు. మొదటిదాంట్లో నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఆమె చెయ్యి మెడకు వేలాడిన రెండు నెలలూ సైటు వాళ్లు డ్రోన్ ఎగరేయించారు. ఆ తర్వాత పెద్ద ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి. మిగిలిన నెలలు డ్రోనే చూసుకుంటుంది."

ఆ "హాయిగా" అన్న మాటకు ఆమెకు ఒళ్లు మండింది. "మొదటి సోమవారం వస్తున్నానండీ. పై మెట్టు దాకా ఎక్కి తీస్తే వంతెన పూర్తయ్యేదాకా పని నాది. ఎక్కలేకపోతే మీ డ్రోన్‌కి నేనే దణ్ణం పెట్టి వెళ్లిపోతాను."

"సేఫ్టీ వాళ్లు ఒప్పుకోవాలి కదా మేడమ్. మెట్ల మీద రెండు చేతులూ కమ్మీల మీదే ఉండాలి. సామాను ఒంటికి అంటిపెట్టుకుని ఉండాలి. ఇంకొకరు మోసుకు రాకూడదు."

"తెలుసు. ఆ నియమం పెట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. మీరే ఇంకా రాలేదు" అని పెట్టేసింది.

పౌరుషం బాగానే ఉంది. భుజం సంగతేమిటి? డాక్టరు ఖండితంగా చెప్పాడు. చెయ్యి కదలాలి, ఎంత వాడితే అంత మంచిది. కానీ వీపున రెండు భుజాలకూ తగిలించే సంచి పనికిరాదు, పట్టీ సరిగ్గా మరల మీదే నొక్కుతుంది. ఎడమ భుజానికి వేలాడేసుకోవచ్చు, అదీ నాలుగు కిలోలు దాటకూడదు. "ఎన్నాళ్లండీ?" అని అడిగితే "ఇంక ఎప్పటికీ" అన్నాడు. ఆమె వీపున మోసిన పాత సంచి, నిండా సర్దితే తొమ్మిది కిలోలు.

మర్నాడు మాస్టారు ఒక చక్రాల పెట్టె కొనుక్కొచ్చాడు. నల్లటిది, నిగనిగలాడుతోంది. గది మధ్యలో అటూ ఇటూ దొర్లించి చూపించాడు.

"చూడు, భుజంతో పనే లేదు."

కిటికీ పక్కన కూర్చున్న అత్తగారు ఆ చప్పుడు విని తల తిప్పింది. ఆవిడకు ఎనభై దగ్గరపడ్డాయి. చూపు మందగించింది గానీ నాలుకకు ఏ మందమూ రాలేదు. "ఒరేయ్, ఆ చక్రాలు మెట్లెక్కుతాయేమిట్రా?"

"అసలు మెట్లెందుకు ఎక్కాలి? నేనంటున్నదీ అదే" అంటూ మాస్టారు పెట్టెను గోడకు కొట్టినంత పని చేశాడు. "రెండు నెలలు మంచం పక్కన కూర్చున్నది నేను. నిద్రలో నువ్వు మూలుగుతుంటే విన్నది నేను. నాకు భయంగా ఉంది, తెలుసా?"

ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. ఒక్క క్షణం మెత్తబడింది. మెత్తబడితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఈ నెల వద్దంటారు, వచ్చే నెల వద్దంటారు, చివరికి వంతెన ప్రారంభం నాడు జనంలో నిలబడి చూసి రావడమే మిగులుతుంది.

"మీకు భయంగా ఉంటే మీరు ఎక్కకండి. నాకు లేదు" అంది. ఉంది. అయినా అనలేదు.

"దాని భుజం, దాని సంచి. మధ్యలో నువ్వెవడివిరా?" అంది అత్తగారు.

"మొగుణ్ణి అమ్మా!"

"అయితే కాటా పట్టుకో."

అలా మాస్టారు వంటింట్లోని కొక్కెం కాటా పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. వంతెనక్క పాత సంచిని దుప్పటి మీద బోర్లించింది. రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, ఫ్లాషు, ఎప్పుడూ తగిలించని రంగుటద్దాలు, మూడు రకాల తీగలు, ఒక సుత్తి, ఎప్పటిదో దగ్గు బిళ్లల డబ్బా. సుత్తి ఎందుకని ఆయన అడిగితే దాన్ని మంచం కిందికి తోసేసింది. అన్నీ ఎందుకైనా మంచిదని వేసుకున్నవే. ఇరవై ఆరు నెలల ఫొటోలు తిరగేసి చూసుకుంటే తేలిందేమిటంటే, పది చోట్లకు చిన్న లెన్సు, పదకొండో చోటుకు పెద్ద లెన్సు. అంతే. మూడో లెన్సు ఒక్కసారి కూడా బయటికి రాలేదు. ఇన్నాళ్లూ సగం సంచిలో భయాన్నే మోశానని ఆమెకు సిగ్గేసింది.

మాస్టారు ఒక్కొక్కటీ కొక్కేనికి వేలాడదీసి రాసుకున్నాడు. కెమెరా తొమ్మిది వందలు. చిన్న లెన్సు ఏడు వందల యాభై. పెద్దది వెయ్యిన్నీ నాలుగు వందల యాభై. బ్యాటరీలూ కార్డులూ తుడుచుకునే గుడ్డా కలిపి రెండు వందలు.

"మూడు కిలోల మూడు వందలు. శేషం ఏడు వందల గ్రాములు. అందులో సంచి రావాలి. అసాధ్యం. పెద్ద లెన్సు తీసేయ్, సుఖంగా ఉంటుంది."

"పెద్ద లెన్సు తీసేస్తే పదకొండో చోటు లేదు. పదకొండో చోటు లేకపోతే ఆ డ్రోనే నయం. వీటినీ కాటానీ పట్టుకుని దుకాణానికి పదండి."

దుకాణాయన హుషారుగా ఒక కెమెరా సంచి దించాడు. వంతెనక్క దాన్ని కాటాకు తగిలించింది. కిలో ఆరు వందలు.

"ఇది ఖాళీదేనా?"

"లోపలంతా మెత్త మేడమ్. మీరు పడినా కెమెరాకు దెబ్బ తగలదు."

"నేను పడ్డాక కెమెరా బాగుంటే ఎవరికి కావాలి? ఇంకోటి చూపించండి."

ఇంకోటి కిలో వంద. దాని తర్వాతది కిలో. దుకాణాయన ఆమెను ఎగాదిగా చూసి, మాస్టారి వైపు తిరిగి, "మేడమ్‌కి లేడీస్ మోడల్ చూపిస్తాను సార్" అన్నాడు. వంగపండు రంగు, అంచున కుచ్చులు. ఐదు వందల గ్రాములే. పెద్ద లెన్సు మూతి కూడా దూరలేదు.

"ఇందులో ఏం పడుతుంది?"

"ఫోను, అద్దం, దువ్వెన..."

"టవరెక్కి తల దువ్వుకునే పని లేదు నాకు. మీరు నాతో మాట్లాడండి, ఆయన కాటా పట్టుకోవడానికొచ్చారు."

మాస్టారు కాటా పట్టుకునే నిలబడ్డాడు. మరో నాలుగు చూశాక ఒకటి దొరికింది. ఆరు వందల తొంభై. మూడు వస్తువులూ పట్టాయి. "పది గ్రాములు మిగిలింది కూడా" అని మాస్టారు తానే తయారు చేసినంత సంబరపడ్డాడు. ఆమె దాన్ని అడ్డంగా వేసుకుని చుట్టూ చూసింది. పై అరల్లో సరుకు దించడానికి వాడే నిచ్చెన కనిపించింది.

"అది ఇలా వేయండి."

"ఎందుకు మేడమ్?"

"ఎక్కడానికి."

మూడో మెట్టు దగ్గర సంచి తుంటి మీద నుంచి జారి ముందుకొచ్చి మోకాలికి కొట్టుకుంది. నాలుగో మెట్టు దగ్గర మళ్లీ. ఆమె అక్కడే ఆగి కిందికి చూసింది. "లెక్క సరిపోయింది గానీ మోకాలికి సరిపోలేదండీ. అరవై రెండు మెట్లకు అరవై రెండు దెబ్బలు."

మాస్టారు మొహం వాడిపోయింది. సరిగ్గా అప్పుడే, నిచ్చెన మీద ఉంది కాబట్టి, నేల మీద నిలబడ్డవాళ్లెవరికీ కనబడనిది ఆమెకు కనబడింది. పై అర చివర దుమ్ము కొట్టుకుని ఒక ఖాకీ సంచి. చెయ్యి చాచి లాగింది. కుడి చెయ్యే. భుజంలో కలుక్కుమన్నా వదల్లేదు.

"అది కెమెరా సంచి కాదు మేడమ్, పొలాలు కొలిచేవాళ్లది. ఎప్పటిదో పాత సరుకు" అన్నాడు దుకాణాయన తుమ్ముతూ.

మందపాటి గుడ్డ. మెత్తా గిత్తా ఏమీ లేదు. భుజానికి వెడల్పాటి పట్టీ, నడుముకు బిగించుకోవడానికి ఇంకో పట్టీ. కొలతలు తీసేవాళ్లు గట్లెక్కాలి, కాలవలు దాటాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వాళ్ల కోసం కుట్టినది తన కోసం కుట్టినట్టే ఉంది. కాటా ఐదు వందల ఎనభై చూపించింది. పెద్ద లెన్సు నిలువుగా దిగింది.

"కెమెరా పాడైతే నా పూచీ లేదు."

"మీ పూచీ నేనడగలేదు."

మాస్టారు తన భుజం మీది చేతి తువ్వాలు తీసి, మూడు మడతలు పెట్టి, సంచి అడుగున పరిచాడు. తర్వాత దాన్నీ బయటికి తీసి తూచాడు. "డెబ్బై. మొత్తం మూడు కిలోల తొమ్మిది వందల యాభై" అని, నిచ్చెన రెండు కాళ్లూ గట్టిగా పట్టుకున్నాడు. "ఇప్పుడెక్కు."

ఆమె మూడుసార్లు ఎక్కి దిగింది. వచ్చిన గిరాకీలు వస్తువులు చూడటం మానేసి ఆమెనే చూశారు. సంచి చంకనెత్తుకున్న బిడ్డలా ఒంటిని కరుచుకుని ఉంది, కదల్లేదు.

మొదటి సోమవారం సైటులో సేఫ్టీ అధికారి ఆ సంచి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. డ్రోన్ ఎగరేసే ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎందుకైనా మంచిదని పిలిపించారట. అధికారి డాక్టరు కాగితం అడిగితే ఇచ్చింది. బరువెంతని అడిగితే మాస్టారి కాటా తీసి చేతిలో పెట్టింది. ఉన్నచోటే గెంతమంటే గెంతింది. సంచి కదలకపోయేసరికి ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.

మొదటి ఇరవై మెట్లు బాగానే సాగాయి. ముప్పై దగ్గర భుజంలో పొడిచినట్టు నొప్పి మొదలైంది. నలభై దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద నుంచి "దిగిపోండి మేడమ్, పర్లేదు" అని పెద్ద ఇంజనీరు అరిచాడు. ఆ "పర్లేదు" వినగానే మిగతా ఇరవై రెండు మెట్లూ నొప్పి మీద కన్నా ఆయన మీద కోపంతోనే ఎక్కేసింది.

పైన పసుపు పాదాలు కాస్త వెలిసిపోయినా అక్కడే ఉన్నాయి. వాటిలో నిలబడింది. పెద్ద లెన్సు తీసి తగిలించింది. ఏటి నడుమ స్తంభాల మీద రెండు వైపుల నుంచీ వచ్చిన వంతెన కొసలు, మధ్యలో ఒక చిన్న ఖాళీ. తీసింది. ఇంకోటి తీసింది. అప్పుడు కాసేపు ఏడ్చింది, పైన ఎవరూ లేరు కదా.

దిగాక పెద్ద ఇంజనీరు సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఆఫీసులోకి నడిచి గోడ ముందు నిలబడింది. ఇరవై ఆరు ఫ్రేములు ఒకే చూపుతో ఉన్నాయి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డ్రోన్ తీసినవి. చక్కగానే ఉన్నాయి గానీ, ఆ రెండు నెలలూ వంతెన చోటు మారి పక్కకు జరిగినట్టుంది.

"మాకూ తెలుస్తోంది మేడమ్" అన్నాడు ఇంజనీరు కాస్త ఇబ్బందిగా. "ప్రారంభం రోజున ఇవి అందరూ చూస్తారు. కంప్యూటర్లో సరిచేసి, మీ వాటిలో కలిసిపోయేలా చేద్దామా?"

"వద్దు. ఆ రెండూ తీసేయండి."

"మరి ఖాళీగా కనబడుతుంది కదా!"

"కనబడనివ్వండి."

ఆమె ఇరవై ఏడో ఫ్రేములోంచి ఫొటో లాగేసి, ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుంది. కలం కుడి చేత్తోనే పట్టుకుంది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి, తిరిగి రాయలేదు. "ఈ నెల ఫొటో లేదు. ఫొటోగ్రాఫర్ భుజం విరిగింది." దాన్ని ఫ్రేములో పెట్టి గోడకు తగిలించింది. ఇరవై ఎనిమిదో దాంట్లో "ఈ నెల కూడా" అని రాసింది.

ఇరవై తొమ్మిదోదిగా ఒక ఖాళీ ఫ్రేము తనే మేకుకు తగిలించి, సంచిలోంచి కార్డు తీసి ఇంజనీరు చేతిలో పెట్టింది. "ఇందులో వేయాల్సింది ఇదిగో."