మోకాలి లోతు

ఊళ్లవాళ్లు ఫోనులో పంపే వాగుల నీటిమట్టాలను వరద అంచనాలు వేసేవాళ్లకు అందించడం సిద్దిపేట ఆఫీసులో నా పని. కోహెడ దగ్గరి ఒక వాగుకు మా వలంటీరు ఒక మాజీ సర్పంచ్. ఆరడుగులు దాటిన మనిషి. వానలకు మునిగే వంతెన పక్కన మేం అంకెల బద్ద పాతినా దాన్ని చూసేవాడు కాదు. తనే నీళ్లలో దిగి, "మోకాలు దాక ఉన్నయి" అని పంపేవాడు.

అది నమ్మి, వాగు దాటవచ్చని మేం చెప్పిన రోజు ఆసుపత్రి డ్యూటీకి పోతున్న ఒక పొట్టి నర్సమ్మ స్కూటర్ కొట్టుకుపోయింది. వంతెన కడ్డీ పట్టుకుని బతికిన ఆమె మర్నాడు మా ఆఫీసుకు వచ్చింది.

"గది ఎవని మోకాలు సార్? నాకు తొడలదాక వచ్చినయి."

నేను ఆయనకు ఫోన్ చేసి, ఇకనైనా అంకె చూడమన్నాను.

"గీ వాగు నా కాళ్లకు ముప్పై ఏండ్ల సంది ఎరుకే. మీ కట్టె మొన్న వచ్చింది," అన్నాడు.

ఆయన్ను మార్చే ధైర్యం మా పెద్దసారుకు లేదు. నాకు టేపు ఇచ్చి పంపాడు. మాజీ సర్పంచ్ పంచె పైకెత్తి నిలబడితే, నేను వంగి మోకాలి ఎత్తు కొలిచి రాసుకున్నాను. అప్పటినుంచి ఆయన మోకాలు అంటే మేం ఆ అంకె పంపుతున్నాం, అంచనాలు సరిగ్గానే వస్తున్నాయి.

నర్సమ్మకు స్కూటర్ ఎవరూ ఇప్పించలేదు. ఆయన మాత్రం బస్టాండులో అందరికీ చెప్తున్నాడట: "సర్కారు ఇప్పుడు నా మోకాలు మీదనే నడుస్తున్నది."