కుడి చేతి ఉంగరపు వేలు

ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే విసుగొస్తుంది కానీ, సర్జరీలో పీజీ చేస్తున్న ఆ రోజుల్లో నా చేతులు ఈ లోకానికి రెండు విధాలుగా అవసరమని గట్టిగా నమ్మేవాణ్ణి. పొద్దున ఆస్పత్రిలో కత్తి పట్టుకోవడానికి, సాయంత్రం మైదానంలో హాకీ కర్ర పట్టుకోవడానికి. (లోకం ఈ రెంటిలో ఏదీ నన్ను అడగలేదన్న సంగతి తర్వాత తెలిసింది.) వార్డులో నన్ను ‘హాకీ డాక్టరు’ అనేవారు, మైదానంలో ‘డాక్టర్ సాబ్’ అనేవారు. అంటే ఎక్కడికి వెళ్ళినా నా రెండో పనితోనే నన్ను గుర్తుపెట్టుకునేవారు. అది మెచ్చుకోలు కాదని గ్రహించడానికి నాకు ఒక వేలు విరగాల్సి వచ్చింది.

మా యూనిట్‌లో ఒక పద్ధతి ఉండేది. ఆపరేషన్ చేసే డాక్టరు బల్లకు కుడి పక్కన నిలబడతాడు, సాయం చేసేవాడు ఎడమ పక్కన. మా పెద్ద సార్ ఏడాదిన్నర పాటు నన్ను ఎడమ పక్కనే నిలబెట్టారు. ఎవరికైనా మొదటిసారి సొంతంగా ఆపరేషన్ అప్పగించేటప్పుడు ఆయన ఉపన్యాసాలేమీ ఇవ్వరు, ‘ఈసారి నువ్వు ఇటు నిలబడు’ అంటారు, అంతే. ఒక శనివారం ఆ మాట నాతో అన్నారు. “సోమవారం కొండపల్లాయన హెర్నియాకి నువ్వు ఇటు నిలబడు. రేపు మాత్రం ఆ కర్ర ముట్టుకోకు.” ముట్టుకోను సార్ అన్నాను. ఆ క్షణానికి అది నిజమే.

కొండపల్లాయన బొమ్మలు చెక్కే మనిషి. యాభై దాటిన వయసు. కడుపు కింద కుడి వైపు ఉబ్బు వచ్చి, నేల మీద కూర్చుని పని చేసుకోలేక, దగ్గొచ్చినప్పుడల్లా చేత్తో అదిమి పట్టుకుంటూ ఆస్పత్రికి వచ్చాడు. రోజూ ఆయన మంచం దగ్గర నిలబడి రెండు కబుర్లు చెప్పేవాణ్ణి. అందుకేనేమో, “ఈ చిన్న డాక్టరు గారు చేస్తే బాగుండిద్దండీ” అని ఆయనే మా సార్‌ని అడిగాడు. నన్ను ఒక రోగి కోరి అడగడం అదే మొదలు. ఆ గర్వంతో శనివారం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆదివారం పొద్దున్నే మా కెప్టెన్ స్కూటర్ వేసుకుని హాస్టల్‌కి వచ్చాడు. వన్ టౌన్‌లో గోనె సంచుల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది, అందరం భాయ్ అనేవాళ్ళం. గన్నవరంలో మ్యాచ్. నా ఆపరేషన్ సంగతి చెబితే భాయ్ ఎంతో మర్యాదగా, “నువ్వు ఆడొద్దులే డాక్టర్ సాబ్. ఊరికే వచ్చి గీత బయట కూర్చో. మనోళ్ళకి ధైర్యంగా ఉంటది” అన్నాడు. గీత బయట కూర్చోవడానికి హాకీ బూట్లు ఎందుకు తీసుకెళ్ళావని మీరు అడగొచ్చు. పావుగంట కూర్చున్నాను. నా బదులు ఎడమ వైపు కాపు కాస్తున్న మా లెఫ్ట్ హాఫ్‌కి చీలమండ బెణికింది. ఒక్క ఫస్టాఫ్ ఆడి వచ్చేస్తానని లోపలికి వెళ్ళాను.

ఫస్టాఫ్ ముగియడానికి కాస్త ముందు అవతలి జట్టు ఫార్వర్డు బంతిని కొట్టబోయి నా కుడి చేతి ఉంగరపు వేలిని కొట్టాడు. తప్పు అతనిది కాదు, బంతి కంటే ముందు నా వేలే అక్కడికి చేరింది. భాయ్ నా చెయ్యి చూసి మొహం చిట్లించాడు. “ఎక్స్‌రే తీయించు, పో” అన్నాడు. “నేను డాక్టర్ని భాయ్, నాకు తెలీదా” అన్నాను. “అందుకే భయం. మా గోడౌన్లో హమాలీకి తగిలుంటే ఈపాటికి ఆస్పత్రిలో ఉండేవాడు.” నేను ఆ వేలిని పక్క వేలితో కలిపి టేపు చుట్టి సెకండాఫ్ కూడా ఆడాను. (ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.) గెలిచాం. ఆ రోజంతా ఐసు ముక్కల్లో చెయ్యి పెట్టుకుని, వాపు తగ్గుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. వేరొకరు ఇలా చేసి వస్తే కేకలు వేసేవాణ్ణి.

సోమవారం పొద్దున ఆపరేషన్ చేయాల్సిన చోట పెన్నుతో గుర్తు పెట్టడానికి కొండపల్లాయన దగ్గరికి వెళ్ళాను. పెన్ను పట్టుకున్న తీరు చూసి ఆయన, “ఆ వేలికేమైందండీ” అన్నాడు. తలుపులో పడింది, ఏం లేదన్నాను. “మా పనిలో అయితే వేలు వాచినోడికి ఉలి ఇవ్వమండీ” అని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడైనా నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

థియేటర్లో ఆయనకి వెన్నులో మత్తు సూది వేశారు. నడుం కింద స్పర్శ ఉండదు, మనిషి మెలకువగానే ఉంటాడు. నేను చేతులు కడుక్కుని వచ్చి ఎనిమిదో నంబరు గ్లవ్స్ అడిగాను. మా థియేటర్ సిస్టర్ ఇరవై ఏళ్ళుగా డాక్టర్ల చేతులు చూస్తున్న మనిషి. “మొన్నటిదాకా ఏడు గదండీ. ఆదివారం ఒక్కరోజులో మీ చేతులకేమన్నా ప్రమోషన్ వచ్చిందా?” అంది. బిగుతుగా ఉంటే చెమటలు పడుతున్నాయన్నాను. ఆమె నమ్మలేదు, కానీ ఇచ్చింది. ఎడమ చేతికి ఆ గ్లవ్ గోనె సంచిలా వేలాడింది.

ఏడాదిన్నరగా ఎదురుచూసిన కుడి పక్కన నిలబడ్డాను. ఎదురుగా సార్. కత్తి తీసుకున్నాను. నాలుగో వేలు మడత పడక, పెళ్ళివారింట్లో నాజూకుగా టీ కప్పు పట్టుకున్నవాడి వేలిలా పైకి నిలబడింది. సార్ దానివైపు కాసేపు చూసి, “కత్తి కింద పెట్టు. గ్లవ్ తియ్” అన్నారు. తీశాను. వేలు వంకాయ రంగులో ఉంది.

“ఎక్స్‌రే తీయించావా?”

“లేదు సార్.”

“ఇట్టాంటి వేలితో పేషెంటు వస్తే ఏం చెప్తావ్?”

“ఎక్స్‌రే తీయించుకోమంటాను సార్.”

“మరి నీదేందయ్యా, దేవుడిచ్చిన స్పేర్ పార్టా? లోపల ముడి వేసేటప్పుడు ఆ వేలు మాట వినకపోతే ఏం చేద్దామనుకున్నావ్?”

సార్ తిట్లు నా హాకీ మీదికి మళ్ళి సాగుతుండగా, రోగికి అటువైపు కనపడకుండా కట్టిన పచ్చగుడ్డ వెనక నుంచి కొండపల్లాయన గొంతు వినిపించింది. “అయ్యా, ఎవరో ఒకరు మొదలుపెట్టండి. మత్తు దిగిపోయేట్టుంది.” సిస్టర్ మొహం పక్కకి తిప్పుకుంది. సార్ నన్ను ఎడమ పక్కన కూడా నిలబడనివ్వలేదు. గోడ దగ్గర నిలబడి మొత్తం ఆపరేషన్ చూశాను. తర్వాత ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగా విరిగి కనిపించింది.

“నువ్వెందుకు చెయ్యలేదో ఆయనకి నువ్వే చెప్పు” అన్నారు సార్. సాయంత్రం వేలికి కట్టుతో మంచం దగ్గరికి వెళ్ళాను. ఆయన అన్నీ విన్నాడు కాబట్టి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అబద్ధం చెప్పానండీ అన్నాను. ఆయన కోప్పడలేదు. “హాకీలో తగిలిందంటే నేనేమన్నా అంటానా. వారం ఆగుదామనేవాణ్ణి. మీ మాట నమ్మి బల్ల ఎక్కాను గదండీ” అన్నాడు. సార్ తిట్లన్నీ కలిపినా ఆ మాటంత బరువు లేవు. లేవబోతుంటే, “ఎడం వైపు కూడా మొదలవుతోందన్నారు పెద్ద సారు. మళ్ళీ రావాలంట. అప్పటికి చూద్దాంలే” అన్నాడు. ఏం చూద్దామన్నాడో అడిగే ధైర్యం లేకపోయింది.

నాలుగు నెలల తర్వాత ఆయన వచ్చాడు. సోమవారం ఆపరేషన్, ముందు రోజు మళ్ళీ మ్యాచ్. ఈసారి బూట్లు హాస్టల్లోనే వదిలేసి వెళ్ళి, చేతులు రెండూ చంకల్లో దాచుకుని గీత బయట కూర్చున్నాను. రెండోసారి పిలిచినా లేవకపోయేసరికి భాయ్ విసుక్కుని, “చేతులేమన్నా గుడ్లా డాక్టర్ సాబ్, పొదుగుతున్నావ్” అన్నాడు. ఒక గోలు తేడాతో ఓడిపోయాం.

మర్నాడు పొద్దున కొండపల్లాయన నా కుడి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలినీ మడిచి, చాచి, కర్రలో పగులుందేమో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కన సార్ నిలబడే ఉన్నారు. చివరికి చెయ్యి వదిలి, “సరే, పదండి” అన్నాడు. సార్ నాకేసి చూసి, “విన్నావుగా, ఇటు నిలబడు” అన్నారు.

అప్పటి నుంచి ఎన్ని ఆపరేషన్లు చేశానో లెక్క పెట్టుకోలేదు. ఏ రోగికీ నా గురించి అబద్ధం చెప్పలేదు, అది మాత్రం గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలను. బుద్ధి పూర్తిగా వచ్చిందా అంటే, పూర్తిగా కాదు. ఆ ఆదివారం మాకు పడిన ఒకే ఒక్క గోలు ఎడమ వైపు నుంచి వచ్చింది, నేను ఆడే చోటు. నేనుంటే అది పడేది కాదని ఈ అరవయ్యో పడిలో కూడా నాకు గట్టి నమ్మకం.