కాఫీ హోటల్లో అడిగిన పేరు

ధర్మవరం నుంచి అనంతపురం గంట ప్రయాణం. ఆ రోజు మగ్గం ఆపి బయలుదేరిన మాకు కాశీ అంత దూరమైంది. మా ఇంటామె సుబ్బమ్మ ఒక కాఫీ హోటల్ మేడమీద పెళ్లిపాటలు పాడితే, రేడియోవాళ్లు అక్కడికక్కడే ప్రసారం చేస్తారట. తప్పు దొర్లితే దిద్దుకునే వీలు లేదు. మా అమ్మ ముందే తేల్చేసింది: "పోయి రాండి. ఒక్క మాట తప్పినా మళ్లా గడప దాటి పాడేది లేదు!"

ఉదయం ఎనిమిదికి ప్యాసింజర్ ఎక్కాము. వెళ్లేవారు ఎడమవైపు కిటికీ పట్టుకోండి, కుడివైపైతే ఎండ మొహం మీదే. బయట వాన లేక వాడిన వేరుశనగ చేలు. సుబ్బమ్మ అవేవీ చూడకుండా పెదవులు కదుపుతూ కూర్చుంది. గొర్రెల బేరానికి పోతున్న ఎదుటి సీటు పెద్దాయన నావైపు వంగాడు.

"ఏమన్నా, ఆయమ్మ మొగం అట్లుండాది, ఆస్పత్రికా?"

"కాదప్పా, రేడియోలో పాడేదానికి."

"ఓరి దేవుడా! నేను జ్వరమనుకుంటి."

స్టేషన్ నుంచి జట్కాలో హోటల్ చేరాము. బొరుగుల ఉగ్గాని తెప్పించాను. ఆమె ముట్టలేదు. "నువ్వు నాకు కనపడేతట్టు కూసో" అని మాత్రం అంది. పదిన్నరకు ప్రసారం మొదలైనట్టు ఎర్రబల్బు వెలిగింది. రోజూ ఆర్డర్లు కేకలేసే సప్లయర్లు చప్పుడు కాకుండా వంటింటికి వేళ్లతో సైగ చేస్తున్నారు. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగడం నాకు చేతకాలేదు.

రెండు పాటలు చక్కగా సాగాయి. హమ్మయ్య అనుకునేలోగా అనౌన్సరు, పాపం మర్యాదకే, "మీ ఆయన పేరేమిటమ్మా?" అని అడిగాడు.

మావైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు, పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. అక్కడ ఇంట్లో మా అమ్మ రేడియో పక్కనే కూర్చుని ఉంటుంది. చెప్తే అమ్మతో తంటా, చెప్పకపోతే రేడియో మూగబోతుంది. అనౌన్సరు నుదుట చెమట పట్టింది. నేనే అరిచి చెబుదామని సగం లేచి, ఎర్రబల్బు చూసి మళ్లీ కూర్చున్నాను.

సుబ్బమ్మ నన్నొకసారి చూసి, కళ్లు మూసుకుంది. పెళ్లిలో ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడితే కొత్త కోడలు పాటలో కలిపి పేరు చెప్పి లోపలికి పోతుంది. అందులో దోషం లేదు. ఆ పాట ఎత్తుకుంది:

"గడపలో నిలబడి అడిగినారు చెలులు,
మగ్గం గుంతలో కూసున్నాయన మా రామాంజులు."

హోటలంతా చప్పట్లు. మా పెళ్లినాటి తర్వాత ఆమె నోట నా పేరు వినడం అదే మొదటిసారి. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

తిరుగు బండిలో మాత్రం ఆ సంతోషం నిలవలేదు. "పెండ్లి గడపలో పాడేది ఊరందరికీ వినిపిస్తినే, అత్త ఏమంటాదో" అని సుబ్బమ్మ దారి పొడవునా అదే మాట. పోయేటప్పటి భయం కంటే వచ్చేటప్పటి భయమే ఎక్కువైంది.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కోడలిని ఎగాదిగా చూసింది.

"పేరు కాడ గొంతు వణికించినావు. మళ్లా పిలిస్తే ఆ పేరు గట్టిగా పాడు."