చిన్నమ్మ వేళ్లు, గేటు దగ్గరి మిషను

మొన్న చలికి చేతులు పగిలి మంట పుడుతుంటే ఫోన్లో ఓ వీడియో చూశాను. పొడిబారిన చేతులకు ఇంటి చిట్కాలట. చెప్పే అమ్మాయి చేతులు అప్పుడే తీసిన వెన్నలా ఉన్నాయి. నెయ్యి రాసుకోండి, పెరుగులో తేనె కలిపి పట్టించండి అని ముద్దుముద్దుగా చెప్పి, చివర్లో "ముఖ్యంగా కొన్నాళ్లు చేతులు నీళ్లలో పెట్టకండి" అంది. ఫోను మంచం మీదికి విసిరేశాను. తప్పు ఆ పిల్లది కాదు. నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే కోపమూ వస్తుంది, అది ఇన్నేళ్లయినా చల్లారలేదు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పాల్మాకులలో అమ్మమ్మతోనే ఉండేది. చిన్నాయన పోయాక వాళ్లిద్దరికీ ఆమె పనే ఆధారం. సాతంరాయి దగ్గర హైవే పక్కన, విమానాలెక్కేవాళ్లు ఒక పూట ఉండి పోయే పెద్ద హోటల్ ఒకటి ఉండేది. అందులో స్నానాల గదులు కడిగేది. కొంగుకు అంటిన ఆ కడిగే మందు వాసనకే నాకు కళ్లు మండేవి, ఆమె దాన్ని పొద్దంతా చేతులతో కలిపేది. రబ్బరు తొడుగులు ఇచ్చారు, చిరిగాయి, మళ్లీ అడిగితే "మొన్ననే ఇచ్చినం గదా" అన్నారట. చలికాలం వచ్చేసరికి అన్నం కలిపితే కూరలో కారం పగుళ్లలోకి దిగేది, అందుకని చెంచాతో తినేది. మా వంశంలో చెంచాతో తిన్న మొదటి మనిషి తనేనని నవ్వేది కూడా. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

అమ్మమ్మకు వాడకట్టులో అందరి రోగాల మీదా అధికారం ఉండేది. ఆముదంలో తేనెమైనం వేసి సన్నని సెగ మీద కరిగించి, గోరువెచ్చగా బిడ్డ చేతులకు పట్టించి, పాత మేజోళ్లు తొడిగేది. మందు మంచిదే, తెల్లారేసరికి చర్మం మెత్తబడేది. చిక్కంతా హోటల్ గేటు దగ్గర. అక్కడ హాజరుకు ఒక మిషను ఉంది, వేలు పెడితే పచ్చ లైటు వెలగాలి. జిడ్డు వేలిని అది తీసుకోదు. సబ్బుతో జిడ్డు కడిగితే, గీతలరిగి పొడిబారిన వేలినీ తీసుకోదు. అందుకని ఆడవాళ్లంతా వరసలో నిలబడి, వేలిని తలకు రుద్ది, జుట్టుకున్న కాస్త నూనె అంటించుకుని మిషను మీద పెట్టేవాళ్లు. అది ఒప్పుకుంటే పని, లేకపోతే చీపురు ముట్టకుండానే ఇంటికి. పని చేస్తామని వచ్చిన మనుషులు ఒక డబ్బా ముందు తలలు గోక్కుంటూ నిలబడటం చూస్తే నాకు ఒళ్లు మండేది.

చివరికి అమ్మమ్మకు ఓపిక నశించింది. పెరట్లో గోరింటాకు కోసి మెత్తగా నూరి, "చలువ జేస్తది, తోలు గట్టివడ్తది" అంటూ బిడ్డ వేళ్లన్నిటికీ టోపీల్లా పెట్టింది. మా ఇళ్లలో మంటలకూ పగుళ్లకూ ఎప్పటినుంచో అదే మందు, వద్దని ఎవరికి తోస్తుంది? చాలా రోజుల తర్వాత చిన్నమ్మ చేత్తో అన్నం కలుపుకుంది. మర్నాడు నా స్కూటీ మీద నేనే ఆమెను గేటు దగ్గర దింపాను. ఎర్రగా పండిన ఆ వేళ్లలో ఏది పెట్టినా పచ్చ లైటు వెలగలేదు.

"ఏందక్కా, ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా?" అని నవ్వాడు సూపర్‌వైజర్.

"చేతులు పగిలినయన్నా. జర పేరు రాసుకో, పని చేసి పోత" అంది చిన్నమ్మ.

"రాసుడు లేదక్కా, మిషన్ల పడాలె. రంగు పోయినంక రా."

ఏళ్ల తరబడి రోజూ చూసిన ముఖమే ఎదురుగా ఉంది. అతని కళ్లకు ఏ జబ్బూ లేదు. నేను ఊరుకోలేదు. "మనిషి ఎదురుంగ నిలవడ్తె కనవడ్తలేదా నీకు?" అని గేటు దద్దరిల్లేలా అరిచాను. చిన్నమ్మే నన్ను పక్కకు లాగింది. "ఊకో బిడ్డా, ఉన్న పని గూడ పోతది" అంది.

పోనే పోయింది. రంగు వెలిశాక వెళ్తే ఆమె చోట్లో ఇంకొకామె ఉంది, మిషనులోంచి చిన్నమ్మ పేరు తీసేశారు. అమ్మమ్మ కత్తి పట్టుకుని గోరింట చెట్టు మీదికి పోతే, చెట్టేం చేసిందని చిన్నమ్మే ఆపింది. ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు, ఆమె వంతుది కూడా నాకే వచ్చింది. పని లేక ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో పగుళ్లు మూసుకున్నాయి, వేళ్ల కొసల మీద గీతలు మళ్లీ తేలాయి. వాకిట్లో ఎండకు చెయ్యి చాపి చూసుకుంటూ, "ఇప్పుడైతే మిషన్ల పడ్తుండె" అంది.

ఆ చేతులకు నెయ్యికన్నా, మైనంకన్నా ముందు కావలసింది నీళ్లూ మందూ తగలని కాస్త కాలం. పనిలో ఉన్నన్నాళ్లూ దాన్ని చిటికెడైనా విదల్చనివాళ్లు, పని ఊడబీకి, ఉన్న కాలమంతా ఒక్కసారే ఆమె చేతుల్లో పెట్టారు.