జైకి, తెలంగాణకు నడుమ జాగ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నేను రాసిన ప్రోగ్రాములనే నమ్మనివాణ్ణి, ఇక దయ్యాల దాకా ఎక్కడ! అందుకే ఇది దయ్యం సంగతి అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. జనగామలో గది అద్దెకు తీసుకుని నేను, రవి ఎంసీఏ ఆఖరి ఏడాది చదువుతున్నాం. రవిది మానుకోట దగ్గర తండా. ఇద్దరికీ ఒకటే ప్రాజెక్టు, క్లస్టర్ డేటాబేస్. అంటే ఒకే సమాచారాన్ని రెండు కంప్యూటర్లు పంచుకుంటాయి. ఒకటి పడిపోతే రెండోది మోస్తుంది. మా గదిలో వంటా అదే పద్ధతి, కాకపోతే అక్కడ ఇద్దరం ఒకేసారి పడిపోయేవాళ్లం.

తయారుగా దొరికేది వద్దు, సోర్స్ కోడ్ తెచ్చి మామూలు విండోస్ డెస్క్‌టాప్ మీద మీరే కంపైల్ చేసి, అంటే ఆ రాతను నడిచే ప్రోగ్రాముగా మార్చి చూపాలని మా ప్రాజెక్టు సారు షరతు. ఇది వైవాకు ముందురోజు సంగతి. వైవాలో ప్రాజెక్టు నడవకపోతే ఇద్దరికీ ఏడాది పోతుంది.

ఆ పొద్దున రవి రైల్‌రోకోకని స్టేషన్‌కు బయల్దేరాడు. "నువ్వు కంపైల్ చెయ్యి, నేను రాష్ట్రం తెస్త" అన్నాడు. అతను పోయాక, ఉద్యమానికి నా వంతుగా కొత్త ఫోల్డర్ చేసి ఇంగ్లిష్ అక్షరాల్లో "జై తెలంగాణ" అని పేరు పెట్టాను. సోర్స్ కోడ్ అంతా అందులో పోసి కంపైల్ మొదలుపెట్టాను.

అరగంటకు ఆగింది. ఫైలు లేదంది. ఫైలు నా కళ్ల ముందే ఉంది. మూడుసార్లు మొదలుపెట్టినా అదే. మధ్యాహ్నం అన్నం సహించలేదు, అదీ నేను వండిందే అనుకోండి.

అప్పుడు ఫోన్ మోగింది. రవి గొంతు. వెనక నినాదాలు.

"జైకి, తెలంగాణకు నడుమ జాగ ఎందుకు పెట్టినవ్ రా భయ్? కలుపు." అంతే, పెట్టేశాడు.

చూస్తే నిజమే. పేరు మధ్య ఖాళీ ఉంటే కంపైల్ స్క్రిప్టు పేరు అక్కడికే అయిపోయిందనుకుని, "జై" అనే ఫోల్డర్ కోసం వెతుకుతోంది. బయటేమో రాష్ట్రం విడదీయమని లొల్లి, లోపలేమో పదాలు కలపమని! కలిపాను. సాయంత్రానికి కంపైల్ పూర్తయింది. రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి.

రైల్‌రోకోలో పట్టుకెళ్లిన పోలీసులు పొద్దుండగానే వదిలేస్తే రవి వచ్చాడు. "నీ ఫోన్ మంచి టైముకొచ్చింది రా" అన్నాను. అతను జేబులోంచి తన ఫోన్ తీసి మంచం మీద పెట్టాడు. రెండు ముక్కలు.

"పొద్దుగాల్నే రైల్వేస్టేషన్ల పడ్డది, ఎవరో తొక్కిండ్రు. ఏ ఫోన్ రా? పట్టపగలు కల గన్నవా ఏంది?"

నా ఫోన్ తీసి చూశాను. ఆ రోజు వచ్చిన కాల్ ఒక్కటీ లేదు. ఆఖరిది ముందురోజు మా అమ్మ చేసింది. పైగా ఫోల్డర్‌కు నేనేం పేరు పెట్టానో రవికి తెలిసే దారే లేదు. పేరులో ఖాళీ ఉండొద్దన్న సంగతి కూడా నేను చెప్పాకే అతనికి తెలిసింది.

మర్నాడు ఎగ్జామినర్ ఒక కంప్యూటర్ వైరు పీకేశాడు. రెండోది ఆగకుండా నడిచింది. కంపైల్ ఆగిన సంగతి విని, తప్పు ఎవరు పట్టారని అడిగితే నేను రవిని చూపాను, రవి నన్ను చూపాడు. వినయం అనుకుని ఇద్దరికీ సమానంగా మార్కులేశాడు.

ఆ ఫోన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. రవి మాత్రం కలిసినప్పుడల్లా "గొంతు నాదే అంటివి కద, ఆ మార్కులన్నీ నాయే" అంటాడు. కాదనడానికి నా దగ్గర ఒక్క ఆధారమూ లేదు.